గుర్రాలకుంట పూడిక

ప్రొద్దుటూరులో గుర్రాలకుంట పక్కన నడిచేవాళ్ళు ముక్కు మూసుకునే నడిచేవాళ్ళు. పేరుకు కుంటే గానీ ముప్పై ఎకరాల చెరువు. ఊరు పెరిగి పెరిగి దాన్ని మూడు వైపులా చుట్టేసింది. రెండు వార్డుల మురుగు అందులోకే పోయేది. నూలుకు రంగులద్దే షెడ్ల నీళ్ళు, కోళ్ళ అంగళ్ళ ఈకలు, నర్సింగ్ హోముల దూది, అన్నిటికీ అదే దిక్కు. గుర్రపుడెక్క ఎంత దట్టంగా పేరుకుపోయిందంటే, ఒక ఏడు ఒక లేగదూడ పచ్చిక బయలనుకుని దిగి మళ్ళీ పైకి రాలేదు.

దాన్ని బాగుచేసే పని 2004 ఎండాకాలంలో మొదలైంది. డబ్బు శ్వేతగిరి సిమెంట్స్ కంపెనీది, పని చెలమ అనే స్వచ్ఛంద సంస్థది. చెలమను నడిపే జీవరత్నం జమ్మలమడుగు మిషన్ బడిలో ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. కంపెనీ వాళ్ళను ఒప్పించడానికి ఆమెకు ఏడాది పట్టింది. మున్సిపాలిటీని ఒప్పించడానికి ఇంకో ఏడాది పట్టింది. గట్టు మీది జనాన్ని ఒప్పించడం మాత్రం అంతకంటే కష్టమైంది.

తూర్పు గట్టు ఓబన్న వర్గానిది, పడమటి గట్టు లింగన్న వర్గానిది. లింగన్న పోయి ఆరేళ్ళయినా వర్గం పోలేదు. ఎన్నికలొస్తే బాంబులు పేలేవి. ఈ గట్టు మగవాడు ఆ గట్టు మీద కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. అందుకని జీవరత్నం గుర్రపుడెక్క పీకడానికి ఆడవాళ్ళనే తీసుకుంది. ఈ వైపు ఆరుగురు, ఆ వైపు ఆరుగురు. వాళ్ళ మీద మేస్త్రీగా మైమూన్‌ను పెట్టింది.

మైమూన్‌కు నలభై మూడేళ్ళు. నూనె మిల్లులో చెనక్కాయలు జల్లించి కూతురిని పెంచింది, పెళ్ళి చేసింది. అత్త ఖమ్రున్నీసాను కూడా తనే చూసుకుంటోంది. మైమూన్ నోటికి జడిసి ఇటువైపు వాళ్ళూ మాట్లాడరు, అటువైపు వాళ్ళూ మాట్లాడరు. అందుకే ఆమె మేస్త్రీ అయింది.

ఆ నోరు అట్లా కావడానికి కారణం ఆమె మొగుడు కమాల్ బాషా అని వీధంతా అనుకునేది.

కమాల్ బాషాకు బస్టాండు దగ్గర స్కూటర్లు బాగుచేసే షాపు ఉండేది. 1990లో ఒక మధ్యాహ్నం ఆ షాపు ముందే ఒక జీపును ఆపి, అందులోని ఇద్దరు లింగన్న మనుషులను నరికారు. కమాల్ బాషా చూశాడు. పోలీసులు సాక్షుల్లో అతని పేరు రాసుకున్నారు. చెప్పమని ఒక వర్గం, చెప్పొద్దని ఒక వర్గం రోజూ షాపు ముందుకొచ్చి నిలబడేవి. అతను ఎవరితోనూ ఏమీ అనకుండా పాస్‌పోర్టు తీసుకున్నాడు, కువైట్ వీసా తెప్పించుకున్నాడు. ప్రయాణం వారం ఉందనగా, జమ్మలమడుగులో ఉన్న చెల్లెలికి చెప్పొస్తానని సాయంత్రం స్కూటరెక్కి పోయినవాడు మళ్ళీ రాలేదు. చెల్లెలి ఇంటికీ పోలేదు. పెట్టెలో పాస్‌పోర్టు లేదు. భయపడి ముందుగానే బొంబాయికి చెక్కేశాడని అందరూ అన్నారు. మైమూన్ కూడా నమ్మింది.

పది రోజులకు కువైట్ మీద యుద్ధం వచ్చి పడింది. తిరిగొచ్చిన ప్రతివాడి ఇంటికీ ఆమె పిల్లను వెంటబెట్టుకుని పోయి అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. మూడో ఏట రాయచోటి నుంచి వచ్చిన ఒకాయన మాత్రం, "అట్లాటి మనిషినే నేను చూసినా, వేరే కాపురం పెట్టినాడు," అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి మెడలోని నల్లపూసల దండ తీసి, గుడ్డలో చుట్టి, బియ్యం డబ్బా వెనక పడేసింది. అప్పటినుంచి పదకొండేళ్ళు ఆ మనిషిని తిట్టని రోజు లేదు. అన్నం మాడితే అతన్నే తిట్టేది, వాన కురిసి కప్పు కారినా అతన్నే తిట్టేది. తన కొడుకును కోడలు అన్ని మాటలంటున్నా ఖమ్రున్నీసా పల్లెత్తు మాట అనేది కాదు. తమలపాకులు దంచుకుంటూ వినేది.

పని మొదలైన నలభయ్యో రోజుకు చెరువు సగం ఎండింది. మురుగుకు వేరే కాలువ తవ్వి పక్కకు తిప్పారు. పులివెందుల నుంచి వచ్చిన కృపావరం జేసీబీతో పూడిక తీస్తున్నాడు. ఆ మన్ను ఓబన్న ట్రాక్టర్లు అతని ఇటుక బట్టీలకు తోలుకుపోతున్నాయి.

ఆ ఉదయం తొమ్మిది గంటలకు తూము పక్క మూలలో జేసీబీ తొట్టికి ఇనుము తగిలి కీచుమంది. కృపావరం నిదానంగా లేపాడు. నల్లటి బురద కారుతూ ఒక స్కూటరు పైకొచ్చింది.

"మైమూనక్కా, ఎవరిదో బండి పడుండాది చూడు!" అని నవ్వుతూ కేకేశాడు.

ఆడవాళ్ళంతా మూగారు. ఎవరో బిందెడు నీళ్ళు పోశారు. మైమూన్ చేతిలోని కొడవలి అట్లాగే పట్టుకుని హ్యాండిల్ కేసి చూసింది. హ్యాండిల్ మధ్యలో పిల్లలు పట్టుకోవడానికి ఒక ఇనుప కమ్మి వెల్డింగు చేసి ఉంది. అప్పట్లో ఆరేళ్ళ కూతురు మాబున్ని ముందు నిలబడితే పడిపోకుండా కమాల్ బాషా సైకిల్ స్టాండు కోసి అతికించిన కమ్మి అది. ప్రొద్దుటూరు మొత్తంలో అట్లాంటి కమ్మి ఉన్న స్కూటరు ఇంకొకటి లేదు.

ఆమె గట్టు మీద కూలబడింది. ఏడవలేదు.

స్కూటరు ముందు పెట్టె తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కృపావరం స్క్రూడ్రైవరుతో పెకలించాడు. లోపల ఒక మూత డబ్బా, దాంట్లో రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన చిన్న పుస్తకం. కాగితాలు ముద్దయిపోయాయి. నీలం అట్ట మీద మూడు సింహాలు మాత్రం కనబడుతున్నాయి.

జీవరత్నం పరుగెత్తుకుంటూ వచ్చింది. అట్టను చూసి, పక్కనే కూర్చుని మైమూన్ చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా," అంది మైమూన్, "పాస్‌పోర్టు లేకుండా ఇమానం ఎక్కనిస్తారా?"

"ఎక్కనియ్యరు మైమూనా."

"అయితే ఆయప్ప యాడికీ పోలా."

మైమూన్ లేచి ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఆమె ఆలోచన ఒక్కటే, అత్తకు ఎట్లా చెప్పడమా అని. ముసలామెకు డెబ్బై దాటింది. కొడుకు ఏదో ఒకనాడు వస్తాడని ఎదురుచూస్తూ ఉంటుందనే ఇన్నేళ్ళూ అనుకుంది.

ఖమ్రున్నీసా వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. కోడలి మొహం చూసి రోలు పక్కన పెట్టింది.

"అత్తా, చెరువులో బండి దొరికింది."

"మనిషి దొరికినాడా?" అని అడిగింది ముసలామె.

మైమూన్ అదిరిపడింది. "నీకు తెలుసునా?"

"ఎవరు చెప్తారు నాకు? ఎవరూ చెప్పలా. తల్లిని గదే. ఆ పొద్దు రాత్రే నా కడుపులో ఏదో తెగినట్లాయె. నా కొడుకు కూతురిని ఇడిసిపెట్టి పొయ్యే రకమా?"

"మరి ఇన్నేండ్లు నేను తిడతాంటే యాల ఊరకుంటివి?"

"తిట్టుకుంటానన్నా బతుకుతాంటివి," అంది ఖమ్రున్నీసా. "సచ్చిపోయినాడంటే నువ్వు మూల కూచ్చుందువు. పిల్లకు కూడెవరు పెడతారు? కోపముంటే మనిషి లేచి పనికి పోతాది. అందుకే నీ కోపం నీకే ఇడిసిపెడితి."

మైమూన్ అప్పుడు ఏడ్చింది. ముసలామె ఒళ్ళో తల పెట్టుకుని, పదకొండేళ్ళు తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి ఏడ్చింది. పొద్దు వాలేవేళ లేచి మొహం కడుక్కుంది. బియ్యం డబ్బా వెనక గుడ్డ విప్పి నల్లపూసల దండ మెడలో వేసుకుంది. మొగుడు పోయాడని తెలిసిన రోజున దండ వేసుకోవడమేమిటని పక్కింటావిడ వింతగా చూసింది. మైమూన్ పట్టించుకోలేదు.

మరునాడు పొద్దున చెలమ ఆఫీసులో కంపెనీ ఇంజనీరు అనంతకృష్ణ కూర్చుని ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. మొహంలో ఇబ్బంది కనబడుతోంది.

"నాకు చాలా బాధగా ఉందమ్మా. కానీ ఒక మాట చెప్పాలి. కేసు అంటే పోలీసులు చెరువు మొత్తం ఆపేస్తారు. వానల్లోగా పూడిక తియ్యకపోతే మురుగు కాలువ తెగి మళ్ళీ అంతా అందులోకే వస్తుంది. వచ్చే ఏడు మా బోర్డు డబ్బు ఇస్తుందని నేను చెప్పలేను. స్కూటరు ఎవరైనా దొంగిలించి పారేసి ఉండొచ్చు కదా..."

"పాస్‌పోర్టుతో సహానా సార్?" అని జీవరత్నం అడిగింది. ఆమె మైమూన్ వైపు తిరిగింది. "నాకు ఈ చెరువంటే ఎంత ఇదో నీకు తెలుసు. అయినా పని నిలిచిపోతే నిలిచిపోనీ. నువ్వెట్లంటే అట్ల."

మైమూన్ రాత్రంతా ఆలోచించిన మాట చెప్పింది. "కేసూ పెడతా. పనీ జరగాల. ఆ మూల ఒక్కటి కట్టె పాతి తాడు కట్టండి. మిగతాదంతా కృపావరమన్న తీసుకుంటా పోనీ. తాడు లోపల మన్ను మేం ఆడోళ్ళం చేత్తో తీసి జల్లిస్తాం. మిల్లులో జల్లెడలు ఉండాయి, నేను తెస్తా. నా మనిషి ఆడనే ఉండాడు. ఆయప్పను ఇటుకల్లో కలిపి కాల్చనియ్యను."

"ఎస్సైతో నేనూ వస్తాను మాట్లాడటానికి," అన్నాడు అనంతకృష్ణ. వచ్చాడు కూడా. ఎస్సై కొత్తవాడు, కుర్రవాడు. మూలకు తాడు కట్టించి, ఒక కానిస్టేబుల్‌ను గొడుగుతో కూర్చోబెట్టి, మిగతా పనికి అడ్డం రానన్నాడు.

అడ్డం వచ్చేది ఎవరో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం ఓబన్న జీపు మైమూన్ వీధిలో ఆగింది. ఓబన్నకు ఇప్పుడు అరవై ఐదేళ్ళు. చక్కెర జబ్బుతో ఒక కాలికి కట్టు ఉంది. తుపాకి మనిషి బయటే నిలబడ్డాడు. ఓబన్న వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. ఖమ్రున్నీసా లేవలేదు.

"మావోళ్ళు కాదు మైమూనా," అన్నాడు. "ప్రమాణం చెయ్యమంటే చేస్తా."

"ప్రమాణాలు యాల లేప్పా. ఎవరు చంపినారని నేనడగలా. అడిగితే నువ్వు చెప్తావా, ఆ పక్కోళ్ళు చెప్తారా? నాకు కావాల్సింది వేరే ఉండాది. ఆ మూల మన్నుకు నీ ట్రాక్టర్లు రావద్దు. మేం జల్లించినాకనే గుప్పెడైనా కదలాల."

"ఎన్ని దినాలు?"

"ఎన్నైతే అన్ని."

"ఓబన్న ట్రాక్టర్లను ఆడది నిలబెట్టిందని ఆ గట్టోళ్ళు నవ్వరా?"

"నవ్వితే ఎవరూ సావరు," అంది మైమూన్.

మైమూన్ లోపలికి పోయి ఓబన్నకు టీ తెచ్చింది. తాగాడు. గ్లాసు కింద పెట్టి, ఖమ్రున్నీసాకు చేతులు జోడించి వెళ్ళిపోయాడు. మరునాడు ట్రాక్టర్లు ఆ మూలకు రాలేదు. తప్పు చేసినవాడు కాబట్టే తగ్గాడని కొందరన్నారు, మున్సిపల్ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి అని కొందరన్నారు. మైమూన్ ఆ చర్చలోకి పోలేదు.

పన్నెండుమంది ఆడవాళ్ళు జల్లెడలు పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరు తవ్వుతారు, ఇద్దరు గంపలు మోస్తారు, మిగతావాళ్ళు నీళ్ళు పోస్తూ జల్లిస్తారు. మందు సీసాలు, సూదులు, గాజు ముక్కలు, ఎవరో పారేసిన దేవుడి పటాల ఫ్రేములు, కత్తి పిడి ఒకటి, ఏవేవో వచ్చాయి. మనిషి గుర్తు మాత్రం రాలేదు. బురద కంపు చేతులకు పట్టి, సబ్బు పెట్టి రుద్దినా అన్నం ముద్దలో తగిలేది.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నాలప్పుడు పడమటి గట్టు సుబ్బమ్మ వచ్చి మైమూన్ పక్కన కూర్చుంది. నలభై రోజులుగా ఇద్దరూ కలిసి పనిచేస్తున్నా పని మాట తప్ప ఇంకో మాట లేదు. అప్పుడు జీపులో నరికిన ఇద్దరిలో ఒకడు సుబ్బమ్మ అన్న.

"మైమూనా, ఒక మాట. మీ ఆయప్ప సాక్ష్యం చెప్పింటే మా అన్న కేసు నిలబడేది. కువైట్‌కు పారిపోయి దుడ్లు సంపాదిస్తాండాడని నేనూ తిట్టుకుంటి. దేవుని పటం ముందు నిలబడి తిట్టుకుంటి."

"నేను తిట్టినదాంట్లో నువ్వు తిట్టింది ఏపాటిది లే," అంది మైమూన్.

సుబ్బమ్మ తన గిన్నెలోని సంగటి సగం తుంచి ఆమె గిన్నెలో పెట్టింది. ఇద్దరూ తిన్నారు.

ఆరో రోజు సుబ్బమ్మ జల్లెడలోనే తాళాల గుత్తి వచ్చింది. గుత్తికి చిన్న పదో నంబరు స్పానరు తగిలించి ఉంది. మెకానిక్‌లు తప్ప ఎవరూ అట్లా తగిలించుకోరు. ఆమె కేక వేయలేదు. లేచి వచ్చి మైమూన్ అరచేతిలో పెట్టింది. దాని చుట్టుపక్కలే రెండు రోజుల్లో ఎముకలు దొరికాయి. అన్నీ కాదు. దొరికినవి దొరికినట్టు మైమూన్ కడిగి తెల్లగుడ్డ మీద పెట్టింది. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ఎస్సై వచ్చి పంచనామా రాశాడు. ప్రభుత్వాసుపత్రి డాక్టరు చూసి, ముప్పై ముప్పై ఐదేళ్ళ మగమనిషివేనని, పుర్రె మీద దెబ్బ ఉందని రాసిచ్చాడు. మూడు వారాల తర్వాత వాటిని ఇంటికిచ్చారు.

ఖబరస్తాన్‌లో ఖననం జరిగిన రోజు జమ్మలమడుగు నుంచి మాబున్ని, అల్లుడు వచ్చారు. ఆడవాళ్ళు గేటు బయట నిలబడ్డారు. వాళ్ళలో జీవరత్నం ఉంది, సుబ్బమ్మ ఉంది. అనంతకృష్ణ మగవాళ్ళతో కలిసి లోపలికి పోయి గుప్పెడు మన్ను వేసి వచ్చాడు.

మసీదులో నమాజు చేయించే అజరత్తును మైమూన్ ఒక్కటే అడిగింది. "మొగుడు పోతే నాలుగు నెలల పది దినాలు ఆడది ఇంట్లో కూచ్చోవాల గదా. నేనిప్పుడు కూచ్చోవాల్నా?"

పెద్దాయన గడ్డం సవరించుకుని మెల్లగా చెప్పాడు. "ఆ లెక్క సచ్చిపోయిన దినం నుంచీ అమ్మా, తెలిసిన దినం నుంచీ కాదు. నీది ఎప్పుడో తీరిపోయింది."

మైమూన్ ఇంటికొచ్చి దండ తీసి కూతురి చేతిలో పెట్టింది. మరునాడు పొద్దున్నే పనిలోకి పోయింది.

కేసు సంగతి అందరూ ఊహించినట్టే అయింది. రెండు వర్గాల వాళ్ళనూ పిలిచి అడిగారు. అప్పటి మనుషుల్లో సగం మంది చచ్చిపోయారు, మిగిలినవాళ్ళకు ఏమీ గుర్తులేదు. రెండేళ్ళకు నేరస్తులు తెలియలేదని ఫైలు మూసేశారు. ఆ కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు మైమూన్‌కు కోపం వస్తుందేమోనని జీవరత్నం పక్కనే నిలబడింది. మైమూన్ వేలు తుడుచుకుంటూ, "పోయినాడు అని రాసినారు గదా టీచరమ్మా. పారిపోయినాడు అని రాయలా. సాలు," అంది.

చెరువు పని మొదలైన ఏడే జూలైకి ముగిసింది, మూలది కూడా. మురుగు నిలిచి తేరుకోవడానికి పైన చిన్న మడుగు కట్టి తుంగ నాటారు. రంగుల షెడ్ల వాళ్ళతో ఇంకో రెండేళ్ళు తగాదా నడిచింది. కంపెనీ రెండో ఏడు సగమే డబ్బిచ్చింది. అనంతకృష్ణ బదిలీ అయిపోయాడు. అయినా అక్టోబరు వానలకు గుర్రాలకుంట నిండింది. నీళ్ళు తాగేంత బాగా లేవు. కంపు మాత్రం పోయింది. కొంగలు వచ్చాయి. సాయంత్రం జనం గట్టు మీద నడవడం మొదలుపెట్టారు. మొదట ఎవరి గట్టు మీద వాళ్ళే నడిచారు. తర్వాత పిల్లలు చుట్టూ సైకిళ్ళు తొక్కారు, పిల్లలను వెతుక్కుంటూ పెద్దవాళ్ళూ అవతలి గట్టుకు పోయారు.

మడుగు చూసుకునే పని చెలమ మైమూన్‌కు ఇచ్చింది. తుంగ కోయాలి, అడ్డం పడిన చెత్త తియ్యాలి, షెడ్ల నుంచి రంగు నీళ్ళు వస్తే ఎక్కడినుంచి వస్తున్నాయో పోయి తగాదా పెట్టుకోవాలి. ఆ తగాదాలకు ఆమె నోరు బాగా పనికొచ్చింది. ఇంట్లో మాత్రం ఆ నోరు తగ్గింది. అన్నం మాడితే మాడింది అనుకునేది, అంతే. కొన్నిసార్లు అత్తాకోడళ్ళు కమాల్ బాషా గురించి మామూలుగా మాట్లాడుకునేవాళ్ళు. అతనికి మజ్జిగ పులిస్తే పడదనీ, చిన్నప్పుడు గండి తిరునాళ్ళలో తప్పిపోయి ఒక బొరుగుల అంగడిలో నిద్రపోతూ దొరికాడనీ ముసలామె చెప్తే మైమూన్ నవ్వేది.

మైలవరం నుంచి తెచ్చి వదిలిన చేపపిల్లలు రెండో ఏటికి అరచేతికంటే పెద్దవయ్యాయి. తొలిసారి వల వేసిన రోజు గట్టు మీద తిరునాళ్ళ లాగా ఉంది. రెండు వైపులవాళ్ళూ కొన్నారు. సుబ్బమ్మ ఒక మంచి చేపను ఆకులో చుట్టి మైమూన్ ఇంటి దాకా తెచ్చి, గడప దగ్గర ఆగిపోయింది. అప్పుడే ఏదో తట్టినట్టు, చేపను వెనక్కి దాచుకుంది.

"మతిలేక తెచ్చినా," అంది.

"నీ బిడ్డలకు వండుపో," అంది మైమూన్. "ఆ నీళ్ళవి మేం తినం గానీ, మంచి చేపలే. పులుసు పెట్టు. నువ్వు కూచ్చో, టీ పెడతా."

సుబ్బమ్మ చేపను గడప అవతల రాతి మీద పెట్టి, లోపలికి వచ్చి ఖమ్రున్నీసా మంచం పట్టె మీద కూర్చుంది.